అత్తగారి పెట్టె

"జనవరి ఇరవై రెండు," అన్నాడు స్తెర్గియోస్. పాస్‌బుక్కు వంటింటి బల్ల మీద పడేసి ఆ తారీకు మీద వేలితో రెండుసార్లు కొట్టాడు. "పదహారు వేల యూరోలు ఒక్కసారే తీసేశావు. ఇవాళ జూలై రెండు. అయిదు నెలల పైన నా పక్కనే పడుకుని, నాతో కూర్చుని తిని, ఒక్క ముక్క చెప్పలేదు."

అసిమీనా టమాటాల మూతులు కోసి చెంచాతో గుజ్జు తీస్తోంది. లోపల బియ్యం కూరి పొయ్యిలో పెట్టాలి. మొగుడు అరుస్తున్నాడని టమాటాలు ఆగవు.

"ఎక్కడ పెట్టావు?"

"ఉండాల్సిన చోట ఉంది."

"అది జవాబా?"

"నీకు అంతకంటే మంచి జవాబు బాకీ లేను."

సోమవారం నుంచి దేశంలో బ్యాంకులన్నీ మూసేశారు. కార్డు ఉన్నవాడికి మిషన్ రోజుకు అరవై ఇస్తోంది. కార్డు లేని ముసలివాళ్లకు మాత్రం వారానికి నూట ఇరవై, అది కూడా పేర్ల వరుసలో పిలిచినప్పుడే. స్తెర్గియోస్ తెల్లారగానే ఇంట్లో ఉన్న పాస్‌బుక్కులన్నీ జేబులో కుక్కుకుని వెళ్లాడు. నాలుగు గంటలు ఎండలో నిలబడి, నూట ఇరవై యూరోలతో, ఈ తారీకుతో ఇంటికొచ్చాడు. వచ్చినప్పటి నుంచి ఇదే పాట.

గుమ్మం పక్క కుర్చీలో అతని చెల్లెలు పొలిక్సేని కూర్చుని ఉంది. కింది అంతస్తులో ఉంటుంది. తన పేరు వరుస రేపొస్తుందా ఎల్లుండా అని కనుక్కోవడానికి పైకొచ్చి, గొడవలో ఇరుక్కుపోయింది. లేచి వెళ్లడం చేతకావడం లేదు, కూర్చోవడమూ చేతకావడం లేదు. ఒళ్లోని సంచీ పిడులు ముడేస్తూ విప్పుతూ ఉంది.

"వినమ్మా, విను," అన్నాడు స్తెర్గియోస్ చెల్లెలితో. "మీ వదిన బ్యాంకు తెరిచింది. సొంత బ్యాంకు. ఎక్కడుందో ఖాతాదారులకు చెప్పదట."

పొలిక్సేని నవ్వలేదు. మామూలుగా అయితే వదిన మీద అన్నయ్య విసిరే ప్రతి మాటకీ ముందు నవ్వేది తనే.

"అది మన డబ్బు," అన్నాడు మళ్లీ.

అసిమీనా చెంచా కింద పెట్టింది.

"మన డబ్బు ముప్ఫై ఎనిమిది వేలు. గుర్తుందా? ఆస్పత్రి లాండ్రీలో ఇరవై తొమ్మిదేళ్లు రక్తం మరకల దుప్పట్లు ఉతికితే ఇచ్చిన డబ్బు. అది మన డబ్బే అన్నావు. సర్కారు బాండ్లలో పెట్టావు. సర్కారు ఎక్కడికి పోతుందే పిచ్చిదానా అన్నావు. ఎక్కడికీ పోలేదు. ఉన్నచోటే కూర్చుని సగానికి పైగా కోసేసుకుంది. మనది అయిపోయింది స్తెర్గియో. మిగిలింది నాది."

"నేనొక్కణ్నే పెట్టానా? దేశంలో పదిహేను వేల మంది పెట్టారు."

"ఆ పదిహేను వేల మందికీ నేను వండిపెట్టడం లేదు."

ముప్ఫై నాలుగేళ్లు రైల్వేలో స్టేషన్ మాస్టరుగా చేసినవాడు స్తెర్గియోస్. సర్కారంటే అతనికి టోపీ, విజిలు, వేళకొచ్చే బండి. బాండ్లు కోసేసిన నాటి నుంచి ఆ సంగతి ఎవరడిగినా వడగళ్లు పడి పంట పోయినట్టు చెప్పుకొచ్చేవాడు. వడగళ్లకు ఎవరి సంతకమూ అక్కర్లేదు. ఆ కాయితాల మీద సంతకం అతనిది. ఒక్కరోజు, కనీసం ఒక్కరోజు, తప్పయిపోయిందే అనుంటే అసిమీనా మర్చిపోయేదేమో. అనలేదు. ఆమె మర్చిపోలేదు.

ఆ తర్వాత పింఛను మూడుసార్లు తగ్గింది. మోకాలి నొప్పికి డాక్టరు ఆపరేషన్ అన్నాడు, ఆమె కట్టు కట్టుకుని ఊరుకుంది. ఆ పదహారు వేలు ముట్టలేదు. రేపు ఇద్దరిలో ఎవరో ఒకరు మంచాన పడితే ఎవరి గడపా తొక్కకుండా, ఎవరి ముందూ చెయ్యి చాపకుండా బతకాలంటే ఉన్నదల్లా అదే.

"ఎవడి చేతిలో పెట్టావు చెప్పు," అన్నాడు స్తెర్గియోస్ గొంతు తగ్గించి. అరుపు కంటే ఆ తగ్గింపే మంట పుట్టిస్తుంది. "మీ తమ్ముడికేనా? పడవ ఇంజను పాడైందని ఏడుస్తున్నాడుగా."

"మా తమ్ముడి ఊసెత్తకు."

"మరి ఎక్కడ? పిండి డబ్బాలోనా? పరుపులోనా? పక్క సందులో ఆ విధవరాలి ఇంట్లో దొంగలు పడి పిండి కూడా జల్లెడ పట్టి వెళ్లారు. తెలుసా నీకు?"

"తెలుసు కాబట్టే అక్కడ పెట్టలేదు."

"తమ్ముడికే ఇచ్చావు. మీ వాళ్లందరిదీ ఒకటే బుద్ధి, పక్కవాడి నోట్లోది లాక్కుని..."

అరికాలి మంట నెత్తికెక్కింది అసిమీనాకు. చేతులు తువ్వాలుకు తుడుచుకుంది.

"మీ అమ్మ దగ్గరుంది," అంది.

కింద వీధిలో పుచ్చకాయల బండివాడి మైకు ఒక్కటే వినిపిస్తోంది.

స్తెర్గియోస్ తల్లి క్రిసూలా పోయి తొమ్మిదేళ్లయింది. ఆ రేవు ఊళ్లో మట్టి ఎవరికీ శాశ్వతం కాదు. అద్దెకిస్తారు, మూడేళ్లకు. ఆ తర్వాత తవ్వి ఎముకలు తీసి, వైన్‌తో కడిగి, ఎండబెట్టి, పేరూ ఫొటో అంటించిన రేకు పెట్టెలో సర్ది, శ్మశానంలో ఎముకల గదిలో అరల మీద పెడతారు. క్రిసూలా ఎముకలు కడిగింది కోడలూ కూతురూ కలిసి. ఆ పెట్టెకు రెండు తాళం చెవులు, ఒక్కొక్కరి దగ్గర ఒకటి.

"పెట్టెలోనా?" అన్నాడు స్తెర్గియోస్. మెల్లగా బల్ల ముందు కూలబడ్డాడు.

"పెట్టెలోనే. తలకింద గుడ్డ ఉందిగా, దాని కింద. బ్యాంకువాడు తలుపు మూస్తాడు, దొంగ తలుపు పగలగొడతాడు. చచ్చినవాళ్ల పెట్టె ఎవడూ తెరవడు. ఆవిడ బతికున్నన్నాళ్లూ నా చేతిలో చిల్లిగవ్వ పెట్టలేదు. పోయాకైనా నా సొమ్ముకు కాపలా కాస్తోంది. అందుకు దణ్ణం పెట్టుకుంటున్నాను."

పొలిక్సేని ఛాతీ మీద సిలువ గుర్తు వేసుకుంది. తల్లి పక్కన డబ్బు పెట్టడం అపచారం అనుకుంటోంది కాబోలు అనుకుంది అసిమీనా. అనుకోనీ. ఈ అన్నాచెల్లెళ్లకు బతికున్న మనిషి కష్టం ఎప్పుడు కనబడింది గనక.

"సరే," అన్నాడు స్తెర్గియోస్. "ఉంటే ఉండనీ. చెప్పావుగా, చాలు."

"చాలేంటి? పద. తెచ్చి నీ కళ్లముందే లెక్కపెడతా. మా తమ్ముణ్ని ఎన్ని మాటలన్నావో అన్నీ వెనక్కి తీసుకుందువుగాని."

"ఇవాళొద్దు. ఎండ మండిపోతోంది."

"పొద్దున్న నాలుగు గంటలు నిలబడితే మండలేదా?"

"అవును వదినా," అంది పొలిక్సేని హఠాత్తుగా. "ఈ రోజుల్లో అంత డబ్బు చేతిలో పట్టుకుని రావడం మంచిది కాదు. ఆదివారం అప్పులవాళ్ల షరతుల మీద ఓటింగ్ అయిపోనీ."

అసిమీనా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. అయిదు నిమిషాల క్రితం ఎక్కడ ఎక్కడ అని ప్రాణం తీసిన మనిషి, ఎక్కడో చెప్పాక వద్దంటున్నాడు. ఆమెకు ఒళ్లు మండిందే గాని అనుమానం రాలేదు. బల్ల మీది నూట ఇరవై తీసి పర్సులో పెట్టుకుంది, పొయ్యి కట్టేసింది, తాళం చెవి తీసుకుంది.

"వస్తే రండి, లేకపోతే మానండి," అంది.

ఇద్దరూ వెనకాలే వచ్చారు.

*

ఎముకల గదిలో మూడో వరుస, నాలుగో అర. అక్కడ క్రిసూలా లేదు. ఫొటోలోంచి ఎవరో మీసాలాయన నవ్వుతున్నాడు.

అసిమీనా అర నంబరు మళ్లీ చూసింది. పై అర చూసింది, కింద చూసింది, పక్క వరుస చూసింది. పేర్లన్నీ పైకి చదువుకుంటూ గది మొత్తం తిరిగింది. ఆ తర్వాత మోకాలి సంగతి మర్చిపోయి బయటికి పరుగెత్తింది.

శ్మశానం గుమాస్తా మంథోస్ గేటు పక్క గదిలో ఫ్యాన్ ముందు కూర్చుని దోసకాయ ముక్కలు తింటున్నాడు. పెద్దమనిషి. ఎవరి పెట్టె ఎక్కడుందో పుస్తకం చూడకుండా చెబుతాడు.

"క్రిసూలా గారా? వెనక షెడ్డులో ఉన్నారమ్మా," అన్నాడు, ఏదో ఆస్పత్రిలో వార్డు మార్చినట్టు. "అద్దె కట్టలేదుగా. మూడేళ్లయింది. నోటీసు మూడుసార్లు పంపాం, స్తెర్గియోస్ గారి పేరు మీద. జూన్ పదిహేనున అర ఖాళీ చేశాం. రేపు పొద్దున్న అందరి ఎముకలూ వేసే పెద్ద గోతిలో కలపాలి, పాదిరీ గారికి కూడా చెప్పేశాం."

అసిమీనా మొగుడి వైపు తిరిగింది.

"ప్రతి నవంబర్లో యాభై యూరోలు నీ చేతిలో పెట్టాను. అమ్మ అద్దె అని చెప్పి మరీ పెట్టాను."

స్తెర్గియోస్ టోపీ తీసి చేతిలో తిప్పుతున్నాడు. "ఎముకలకు అద్దేంటి? పింఛను కోసేశారు, కరెంటు పెంచారు, చచ్చినవాళ్ల మీద కూడా వసూలు చేస్తే ఎక్కడికని కడతాం? ఆ నిరసనతో..."

"ఆ నిరసన ఏ కాఫీ హోటల్లో చేశావు?"

మంథోస్ దోసకాయ పళ్లెం పక్కకు జరిపి గోడ వైపు చూశాడు. పెళ్లాం మొగుళ్లు తగువులాడుకునే చోట గోడ చూడటం అతనికి అలవాటే.

"ఎంత కట్టాలి?" అంది అసిమీనా.

"మూడేళ్లకు నూట యాభై. కట్టకుండా పెట్టె ముట్టుకోనివ్వడానికి నాకు అధికారం లేదమ్మా."

"పెట్టె ఇప్పించండి. కాసేపట్లో కట్టేస్తాను."

"ముందు కట్టాలి."

ఇలాంటి దేశం ఇంకెక్కడైనా ఉందా అనుకుంది అసిమీనా. పదహారు వేలు ముప్ఫై అడుగుల దూరంలో షెడ్డులో ఉన్నాయి. వాటిని చేరుకోవడానికి నూట యాభై లేవు. బ్యాంకు ఇవ్వదు, గుమాస్తా అరువు పెట్టడు, మొగుడు టోపీ తిప్పుతాడు. వారం రోజుల తిండి డబ్బు పర్సులోంచి తీసి బల్ల మీద పెట్టింది. నూట ఇరవై.

ఎవరూ అడగకుండానే పొలిక్సేని సంచీ తెరిచింది. వాడిన కాఫీ పొడి ఎండబెట్టి రెండోసారి కాచుకునే మనిషి, ముప్ఫై యూరోలు తీసి నూట ఇరవై పక్కన పెట్టింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ముప్ఫై ఏడేళ్ల కాపురంలో ఆడపడుచు మీద అసిమీనాకు మొదటిసారి జాలిలాంటిది కలిగింది. తల్లిని గోతిలో పడకుండా ఆపుకుంది, పోనీలే అనుకుంది.

"రసీదు ఎవరి పేరు మీద రాయమంటారు?" అన్నాడు మంథోస్.

"నా పేరు మీదే రాయండి. ఈయన పేరు మీద రాసినవన్నీ ఏమయ్యాయో చూశాంగా."

షెడ్డులోంచి పెట్టె తెచ్చి గది ముందున్న రాతి బల్ల మీద పెట్టాడు. ఫొటోలో క్రిసూలా ఎప్పటిలాగే పెదవులు బిగించుకుని ఉంది. అసిమీనా తాళం తిప్పింది.

మూత తీసింది. పుర్రె పక్కన పెట్టి, తలకింద గుడ్డ ఎత్తింది. గుడ్డ కింద ఎముకలున్నాయి.

పొట్లం లేదు.

చేతులు లోపలికి పెట్టి అడుగుదాకా వెతికింది. భయం వెయ్యలేదు, భక్తీ కలగలేదు. ఒక్కొక్క ఎముకా తీసి బల్ల మీద పెట్టింది, కాళ్లవి, చేతులవి, పక్కటెముకలు. రేకు అడుగు కనిపించింది. రేకు మీద కాస్త దుమ్ముంది.

"ఏదీ?" అంది మంథోస్‌తో. "ఏదీ నా పొట్లం?"

"ఏ పొట్లం?"

"నా పదహారు వేలు. షెడ్డులో పెట్టింది మీరు. ముట్టుకుంది మీరు. రెండు వారాలు మీ చేతిలో ఉంది."

మంథోస్ లేచి నిలబడ్డాడు. మొహం ఎర్రబడింది.

"ఇరవై రెండేళ్లుగా ఈ గేటు దగ్గర ఉన్నానమ్మా. బంగారు పళ్లతో సహా పాతిపెట్టిన వాళ్లను తవ్వి తీశాను. ఒక్క పన్ను పోయిందని ఎవరూ అనలేదు. తాళం మీ దగ్గరుంది, పగిలిందా చూసుకోండి. నన్ను దొంగంటే ఒప్పుకోను. నేనే పోలీసులను పిలుస్తా. వాళ్ల ముందే అనండి ఈ మాట."

"పిలవండి. నేనూ అదే అంటున్నా."

మంథోస్ గదిలోకి వెళ్లి ఫోను ఎత్తాడు. స్తెర్గియోస్ ఒక అడుగు ముందుకేసి ఆగిపోయాడు.

"వద్దు," అంది పొలిక్సేని. "మంథోస్ గారూ, ఫోను పెట్టెయ్యండి. ఆయన తియ్యలేదు వదినా. నేను తీశాను."

అసిమీనా చేతిలో ఇంకా ఒక ఎముక ఉంది. దాన్ని నెమ్మదిగా మిగతావాటి పక్కన పెట్టింది.

"మే నెలాఖరులో, పోయినవాళ్ల శనివారం నాడు, గోధుమలు ఉడికించి తెచ్చాను కదా. అమ్మ తలకింద గుడ్డ మాసిపోయిందని మారుద్దామని తెరిచాను. పొట్లం కనిపించింది. నేను ముట్టుకోలేదు. ఒట్టు. ఇంటికొచ్చి ముందు అడిగాను. అడిగి, చెప్పినట్టే చేశాను. తీసుకెళ్లి బ్యాంకులో వేశాను." పొలిక్సేని ముక్కు తుడుచుకుంది. "ఊరంతా తీసుకోవడానికి తోసుకుంటుంటే నేనొక్కదాన్నే వెయ్యడానికి వెళ్లాను వదినా. మేనేజరు లేచి కుర్చీ వేశాడు."

"ఎవరి పేరు మీద వేశావు?"

"నా పేరు మీదే. మీ పుస్తకంలో వేస్తే నీకు తెలిసిపోతుందని."

"ఎవరన్నారు ఆ మాట? ఎవర్ని అడిగావు?"

పొలిక్సేని కళ్లు అన్నయ్య వైపు తిరిగాయి. అసిమీనా తిరిగి చూసేసరికి స్తెర్గియోస్ టోపీ తిప్పడం మానేసి నిలబడి ఉన్నాడు.

"బ్యాంకు కంటే భద్రం ఏముంటుందనుకున్నానే," అన్నాడు. "రేకు పెట్టెలో పదహారు వేలేంటి? ఒక్క నెల ఆగుదాం, నీ అంతట నువ్వే చెబుతావు, అప్పుడు చెబుదామనుకున్నా. నువ్వు చెప్పలేదు. సోమవారం వీళ్లు తలుపులు మూసేశారు."

"అందుకని పొద్దున్నుంచీ నన్ను నిలబెట్టి అడిగావు. ఎక్కడ దాచావని. మా తమ్ముణ్ని దొంగన్నావు. తీసింది నువ్వు, తెలిసింది నీకు, దొంగలా నిలబడింది నేను."

"నన్ను నమ్మలేదని ఒళ్లు మండింది."

"నమ్మకపోతేనే ఇంత చేశావు."

ఆమె అరవలేదు. అరిస్తే బాగుండునని స్తెర్గియోస్ మొహంలో కనిపిస్తూనే ఉంది. మొదటిసారి సగం పోగొట్టినవాడు మిగతా సగం కూడా తీసుకెళ్లి అదే నోట్లో పెట్టాడు. ఆమె పేరైనా లేదు. చట్టం ప్రకారం ఆమెకు ఈ భూమ్మీద ఒక్క యూరో లేదు. ఇరవై తొమ్మిదేళ్ల దుప్పట్లు ఉతికినదానికి మిగిలింది చేతిలో ఉన్న ఒక రసీదు.

మంథోస్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"మిమ్మల్ని అనరాని మాటన్నాను," అంది అసిమీనా. "క్షమించండి. మీరు కాదు."

ఆయన తల ఊపాడు. "అరలో పెట్టమంటారా అమ్మా?"

"వద్దు."

ఎముకలు ఒక్కొక్కటే తిరిగి పెట్టెలో సర్దింది. తొందరపడలేదు. ఇన్నేళ్లూ ఇస్త్రీ చేసిన దుప్పట్లు మడత పెట్టిన చేతులవి. గుడ్డ పరిచి, దాని మీద పుర్రె పెట్టి, మూత వేసి, తాళం తిప్పింది. అప్పుడు పొలిక్సేని ముందు చెయ్యి చాపింది.

"నీ తాళం చెవి ఇటివ్వు."

"ఎందుకు వదినా?"

"ఇవ్వు."

పొలిక్సేని ఇచ్చేసింది. అసిమీనా రెండు చెవులూ పర్సులో వేసుకుని, పెట్టె చంకన పెట్టుకుంది.

"ఏం చేస్తున్నావే?" అన్నాడు స్తెర్గియోస్. "మా అమ్మ అది."

"మీ అమ్మే. రసీదు నా పేరు మీదుంది. నా పదహారు వేలు నా చేతిలో పడ్డ రోజు వచ్చి తీసుకెళ్లండి."

"బయటికి తీసుకెళ్లాలంటే మునిసిపాలిటీ కాయితం కావాలి," అని మొదలుపెట్టాడు మంథోస్. అంతలోనే ఏమనుకున్నాడో, నీళ్ల గొట్టం విప్పి, అవతలి వరుసలో పూల మొక్కలకు నీళ్లు పట్టడానికి వెళ్లిపోయాడు.

పొలిక్సేని వెనకాలే నాలుగడుగులు వేసింది. "వదినా, బ్యాంకు తెరుస్తారో లేదో. తెరిచినా సగం కోసేస్తారని అంటున్నారు అందరూ. సగమే ఇస్తే ఏం చేస్తాం?"

అసిమీనా ఆగింది. పెట్టెను ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంది.

"వాళ్లెంత ఇస్తే నేనూ అంతే ఇస్తాను," అంది.

గేటు దాటి ఎండలోకి నడిచింది. ఇల్లు ఎడం వైపు. ఆమె కుడి వైపు తిరిగి, తమ్ముడి పడవ ఉండే రేవు దారి పట్టింది.